మెడ పట్టేస్తే సైకిలు దిగనక్కర్లేదు

యాభై దాటిన ఆడమనిషి మెడ పట్టేసిందని చెబితే ఇంట్లోవాళ్ళు మొదట మానమనేది సైకిలునే. తలగడ ఎంత ఎత్తుందో అడగరు. ఆఫీసు కుర్చీ సంగతి అడగరు. గంటలకొద్దీ తల వంచుకుని ఫోను చూడడం మానమని కూడా అనరు. "ఈ వయసులో నీకు సైకిలెందుకే, ఆటోలో వెళ్ళరాదూ" అని మా అక్క అంటుంది. నా మీద బెంగతోనే అంటుంది. ఎక్స్-రే చూసిన డాక్టరుగారు కూడా కాస్త మర్యాదగా అదే మాట చెప్పారు: "సైక్లింగ్ ఆపేయండమ్మా, వాకింగ్ చాలు."

ఆ సలహా తప్పని నా నమ్మకం. అందరి విషయంలోనూ కాదు, ఎవరు నిజంగా ఆపాలో కిందికి వచ్చాక చెబుతాను. మెడ బిగుసుకున్నవాళ్ళలో చాలామంది మాత్రం సైకిలు మానక్కర్లేదు. సైకిలును తమకు తగ్గట్టు మార్పించుకోవాలి, వెనక్కి చూసే పద్ధతి మార్చుకోవాలి. ఈ రెండూ చెయ్యకముందే బండిని బాల్కనీలో మూలన పెట్టించడం అన్యాయం.

నాకున్నది సర్వైకల్ స్పాండిలోసిస్. ఊళ్ళో అందరూ స్పాండిలైటిస్ అనేస్తారు. మెడలో ఉన్న 7 వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులు వయసుతోపాటు ఎండి పలచబడతాయి, పూసల అంచుల్లో ఎముక పెరుగుతుంది, కీళ్ళు బిర్రబిగుస్తాయి. అరవై దాటినవాళ్ళలో చాలామంది ఎక్స్-రేలో ఈ అరుగుదల కనిపిస్తుంది, వాళ్ళలో ఎందరికో నొప్పే ఉండదు. అందుకే ఎక్స్-రే ఫిల్మ్ ఒక్కటీ చూసి సైకిలు తొక్కాలో వద్దో తేల్చడం నాకు ఒప్పుగా తోచదు. మెడ ఎంత తిరుగుతోంది, చేతుల్లో బలం ఎలా ఉంది, తొక్కుతున్న సైకిలు ఎలాంటిది అనేవి చూడాలి. మూడోది నన్నెవరూ అడగలేదు.

నా మెడ ఎడమకి బాగానే తిరుగుతుంది, కుడికి సగం కూడా తిరగదు. మన దేశంలో సైకిలు తొక్కేవాళ్ళకి ఇది మరీ ఇబ్బంది. మనం రోడ్డుకి ఎడమ వార వెళతాం, వెనకనుంచి వచ్చే బస్సూ లారీ షేర్ ఆటో అన్నీ మన కుడి భుజం పక్కనుంచే దాటుతాయి. ఆగి ఉన్న ఆటోని తప్పించాలన్నా, గుంత పక్కనుంచి పోవాలన్నా, కుడికి తిరగాలన్నా చూడాల్సింది కుడివైపే. మా విశాఖలో ఎంవీపీ కాలనీ లోపలి వీధుల్లో దీనితో పెద్ద చిక్కు లేదు. ఇసుకతోట దగ్గర హైవే ఎక్కితే మాత్రం వెనక ఏముందో తెలియకుండా ఒక్క అడుగు కూడా కుడికి జరగలేం. హారన్ వినబడుతుంది, నిజమే. వాహనం ఉందని చెబుతుందేగాని ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో హారన్ చెప్పదు.

మీరే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. కుర్చీలో నిటారుగా కూర్చుని తలను మెల్లగా కుడికి తిప్పండి, ఎంతవరకు చూడగలుగుతున్నారో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ముందుకి వంగి మోచేతులు మోకాళ్ళకి ఆనించి, ఎదురుగా గోడమీద ఉన్న క్యాలెండర్ని చూస్తూ తల పైకెత్తండి. అలా ఎత్తి ఉంచే మళ్ళీ కుడికి తిప్పండి. ఇందాకటి కంటే తక్కువ తిరుగుతుంది. మెడ వెనక్కి విరిచి ఉన్నప్పుడు దాని కీళ్ళు అప్పటికే బిగిసి ఉంటాయి, పక్కకి తిరగడానికి సందు మిగలదు. హ్యాండిల్ కిందికి ఉన్న రోడ్ బైక్, అంటే రేసు రకం సైకిలు, మీద ఉండే భంగిమ సరిగ్గా ఇదే. ఒళ్ళు ఎంత ముందుకి వంగితే, రోడ్డు కనబడడానికి మెడ అంత వెనక్కి విరగాలి. పైగా తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు. ఐదు కిలోల బియ్యం సంచిని చాచిన చేత్తో పట్టుకున్నట్టు మెడ వెనక కండరాలు ఆ బరువుని గంటలపాటు మోస్తాయి.

గట్టి శరీరాలకి కూడా దీనికో హద్దుంది. అమెరికాను ఒక తీరం నుంచి ఇంకో తీరం దాకా అడ్డంగా దాటే రేసు 1982లో మొదలైంది. మరుసటేడు రేసులో మైఖేల్ షెర్మర్ అనే రైడర్‌కి మెడ కండరాలు పూర్తిగా అలిసిపోయి తల నిలబెట్టుకోలేని స్థితి వచ్చింది. ఇప్పుడా స్థితికి ఆయన పేరే పెట్టి షెర్మర్స్ నెక్ అంటున్నారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాల్సిన బ్రెవేలకి, అంటే దూరపు సైకిలు రైడ్లకి, మన ఊరినుంచి వెళ్ళే కుర్రాళ్ళు కూడా ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. మెడ నొప్పిని సోమరితనం కిందో వయసు కిందో కొట్టిపారేసేవాళ్ళకి చెప్పేది ఒకటే. ఆ బరువు ఎవరి మెడకైనా బరువే.

కాబట్టి మొదట హ్యాండిల్ పైకి రావాలి.

మా నాన్నగారి హెర్క్యులిస్ సైకిలు హ్యాండిల్ సీటుకంటే పైనే ఉండేది. ఆయన రిటైరయ్యేదాకా దానిమీదే పోర్టుకి వెళ్ళి వచ్చారు, ఆయన నోట మెడ నొప్పి అనే మాట నేను వినలేదు. పాలవాళ్ళూ పేపర్లవాళ్ళూ తొక్కేవీ అలాంటి సైకిళ్ళే. ఇప్పుడు షాపుల్లో సన్నటి టైర్లతో, వంపు హ్యాండిల్‌తో ఉన్న బండి చూపించి, యాభై అయిదేళ్ళాయనకి కూడా "ఇది ఫాస్ట్ సార్" అని అమ్ముతున్నారు. ఆయన భీమిలి దాకా వెళ్ళి రావడానికి కొంటున్నాడు, రేసు కోసం కాదు. నిటారుగా కూర్చుంటే గాలి ఎక్కువ అడ్డొస్తుంది, వేగం కొంత తగ్గుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. గాలి ఒత్తిడి వేగంతోపాటు వర్గంగా పెరుగుతుంది గనక గంటకి ముప్పై అయిదు కిలోమీటర్ల మీద పోయేవాడికి ఆ నష్టం పెద్దదే. పద్దెనిమిది, ఇరవై మీద సాగర్‌నగర్ దాటి ఋషికొండ వైపు పోయేవాళ్ళకి ఓ పది నిమిషాలు ఆలస్యమైతే కొంప మునిగేదేమీ లేదు.

హ్యాండిల్ ఎత్తడం ఎలా అనేది సైకిలుని బట్టి ఉంటుంది. కొత్త రకం సైకిళ్ళలో ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టం పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని పట్టుకుని హ్యాండిల్‌ని కలిపే స్టెమ్ అనే ముక్క ఉంటుంది, స్టెమ్ కింద స్పేసర్లనే గుండ్రటి ఉంగరాలుంటాయి. స్టెమ్ పైన ఏవైనా స్పేసర్లు మిగిలి ఉంటే వాటిని కిందికి మార్పిస్తే హ్యాండిల్ అంత మేరా పైకొస్తుంది. చాలా స్టెమ్‌లు 6 డిగ్రీల వాలుతో ఉంటాయి. కిందికి వాలి ఉన్నదాన్ని తలకిందులు చేసి బిగిస్తే అదే పైకి లేస్తుంది, 90 మిల్లీమీటర్ల స్టెమ్ అయితే రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువగా ఎత్తు కలిసొస్తుంది, పైసా ఖర్చు లేకుండా. ఇంకా కావాలంటే పొట్టి స్టెమ్, ఎక్కువ వాలున్న స్టెమ్, లేదా పైకి వంగిన హ్యాండిల్ వేయించుకోవచ్చు. ఫోర్కు గొట్టాన్ని అప్పటికే పొట్టిగా కోసేసి ఉంటే దాన్ని పొడిగించే స్టెమ్ రైజర్ అని దొరుకుతుంది. అల్యూమినియం, స్టీలు గొట్టాలకే అది, కార్బన్ గొట్టానికి వద్దు. హ్యాండిల్ ఎత్తించాక బ్రేకు కేబుళ్ళూ గేరు కేబుళ్ళూ చాలుతున్నాయో లేదో రెండు పక్కలకీ పూర్తిగా తిప్పి చూడాలి.

మన ఊళ్ళో దీనికి ఇంకో అడ్డంకి ఉంది. సముద్రం ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో ఏడాదిపాటు బాల్కనీలో పెట్టిన సైకిలు స్టెమ్ బోల్టు ఒక్కోసారి కీ పెడితే తిరగదు. పాత రకం సైకిళ్ళలో హ్యాండిల్ కాడ గొట్టంలోనే పట్టేస్తుంది. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా వాటిని విప్పి గ్రీజు రాసి మళ్ళీ బిగించమని అడగండి. పాత రకం కాడ మీద ఒక గీత ఉంటుంది, ఆ గీత బయటికి కనబడేంత పైకి మాత్రం లాగకూడదు, ఊడి వచ్చేస్తుంది.

హ్యాండిల్ మరీ ఎత్తేసి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవాలనీ నేను చెప్పడం లేదు. అప్పుడు బరువంతా సీటు మీద పడి, ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుములోంచి మెడలోకి కొడుతుంది. కొద్దిగా ముందుకి వాలి, మోచేతులు వంచి, భుజాలు చెవులకి దూరంగా వదులుగా ఉంచుకోవడం సరిపోతుంది. చేతులు కర్రల్లా బిగబట్టి తొక్కే వాళ్ళకి రోడ్డు కుదుపంతా భుజాల మీదుగా మెడకే చేరుతుంది. టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకె దాకా గాలి కొట్టించడం కూడా మానాలి. వెడల్పు టైరు, కాస్త తక్కువ గాలి మెడకి చేసే మేలు ఏ బామూ చెయ్యదు.

ఇక కళ్ళద్దాలు, హెల్మెట్. వీటి గురించి ఎవరూ చెప్పరు. పైన దూరపు చూపు, కింద దగ్గరి చూపు ఉండే ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలవాళ్ళు ముందుకి వంగితే దూరం చూడడానికి అద్దం పై అంచు నుంచే చూడాలి, ఫ్రేము అడ్డొస్తుంది, తల ఇంకా పైకెత్తుతారు. చిన్న ఫ్రేము వాళ్ళ సంగతి మరీ ఘోరం. దూరపు చూపుకి మాత్రమే పెద్ద అద్దాలతో ఇంకో జత చేయించుకుంటే అది మెడకి మందుతో సమానం. హెల్మెట్ ముందు టోపీ అంచులాంటిది ఉంటే అది చూపుకి అడ్డం, మెడను మళ్ళీ వెనక్కి విరిపిస్తుంది. ఊడదీయడానికి వీలైతే తీసేయండి. ఆడవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. తల వెనక ముడి వేసుకుని హెల్మెట్ పెడితే అది ముందుకి జారి కనుబొమ్మల మీద కూర్చుంటుంది. మెడ కింద వదులుగా జడ వేసుకోండి. ఫిజియోథెరపీ అమ్మాయి నాకు ఎన్నో వ్యాయామాలు నేర్పింది, ఈ జడ విషయం మాత్రం తోటి మహిళా రైడరే చెప్పింది.

వెనక్కి చూడడం దగ్గరికి వస్తాను. వెనక్కి చూడడం ఒక్క మెడ పని అనుకోవడంతోనే సగం మంది భయపడి సైకిలు మానేస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న యువకుల మెడ ఒక్కో పక్కకి 80 డిగ్రీల దాకా తిరుగుతుంది, అందులో దాదాపు సగం పైన ఉన్న రెండు పూసల వాటాయే. నాలాంటివాళ్ళకి 40 వచ్చినా అదృష్టమే అనుకుందాం. వీపు పైభాగం, అంటే పక్కటెముకలున్న భాగం, ఇంకో 30 దాకా తిరగగలదు. కళ్ళు తమంతట తాము పక్కకి 40 డిగ్రీలు సులువుగా తిరుగుతాయి. కలిపితే 110. లంబంగా పక్కకి చూడడం 90 అయితే, ఇది భుజం వెనక్కి చూసినట్టే. ఆ పైన కంటి కొస చూపు ఉండనే ఉంది.

అయితే రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నంతసేపూ వీపు తిరగదు, భుజాలు రెండూ అక్కడే కట్టేసి ఉంటాయి. అందుకని కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి తీసి కుడి తొడ మీద పెట్టుకోవాలి. ఛాతీ కుడికి తెరుచుకుంటుంది, గడ్డం భుజం వైపు దించి, కళ్ళతో వెనక్కి చూడాలి. ఎడమచెయ్యి హ్యాండిల్ మధ్యకి దగ్గరగా ఉంటే సైకిలు చూసిన వైపుకి వాలిపోదు. తిన్నగా పోతూ చూడడం రావడానికి సాధన కావాలి. ఆర్కే బీచ్ దగ్గర తెల్లవారుజామున నడకవాళ్ళ కోసం వాహనాలు ఆపే వేళ దానికి బాగుంటుంది. రోడ్డు మీద గీత పట్టుకుని, వెనక నడిచే ఎవరి చొక్కా ఏ రంగో చూసి చెప్పగలిగేదాకా చెయ్యండి. మనుషులు మరీ దగ్గరగా ఉన్నప్పుడు వద్దు.

వీపు తిరగాలంటే వీపు కూడా వదులుగా ఉండాలి. నాకు మెడ వ్యాయామాలకంటే వీపు వ్యాయామాలే ఎక్కువ పనిచేశాయి. తువ్వాలు చుట్టి భుజపు రెక్కల కింద అడ్డంగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం, పక్కకి ఒత్తిగిలి మోకాళ్ళు మడిచి పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవడం, గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగి పట్టుకోవడం. ఇవి మెల్లగా, నొప్పి మొదలయ్యేచోట ఆగిపోతూ చెయ్యాలి. తలను గుండ్రంగా గిరగిరా తిప్పడం అరిగిన మెడకి పనికిరాదు.

సెలూన్లో తల మాలిష్ చేశాక మెడ పటుక్కుమనిపించే అలవాటు గురించి నాకు పట్టరాని కోపం. మగవాళ్ళందరూ వినండి. మెడ పూసల్లోంచి మెదడుకి వెళ్ళే రక్తనాళాలు రెండున్నాయి. ఒక్కసారిగా మెలిపెడితే ఆ నాళం లోపలి పొర చిరగవచ్చు, అరుదే గానీ దాంతో పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఆ చప్పుడు వస్తే పట్టు వదిలిందనుకోవడం భ్రమ. మా ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో, ఇప్పుడు "మెడ ముట్టుకోవద్దు" అని ముందే చెప్పి కూర్చుంటున్నారు.

అద్దం గురించి గట్టిగా వాదించాలి. సైకిలుకి అద్దం పెట్టుకుంటే చిన్నతనం అనుకునే రైడర్లు మన ఊళ్ళో చాలామంది. స్కూటరుకి రెండు అద్దాలు లేకపోతే పోలీసాపుతాడు, దానికంటే మెల్లగా పోయే, దానికంటే ముందుగా గుద్దుడుకి లోనయ్యే సైకిలుకి మాత్రం అద్దం నామోషీనా? కుడి హ్యాండిల్ కొసలో బిగించే గుండ్రటి అద్దం పెద్ద ఖరీదేమీ కాదు. ఉబ్బెత్తు అద్దంలో ఎక్కువ మేర కనబడుతుంది, కానీ లారీ నిజంగా ఉన్నదానికంటే దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అలవాటయ్యేదాకా అద్దంలో చూసింది నమ్మి పక్కకి జరగకూడదు. మన భుజం పక్కకే వచ్చేసిన బైకు ఏ అద్దంలోనూ కనబడదు. అద్దంలో చూసి, తరవాత ఒళ్ళు తిప్పి ఒక్క చూపు చూసి, అప్పుడు జరగాలి. గార్మిన్ వేరియా అనే రాడార్ లైటు 140 మీటర్ల దూరం నుంచే వెనక వాహనాన్ని పసిగట్టి చెబుతుంది. భీమిలి రోడ్డు మీద దానికి విలువుంది, జగదాంబ జంక్షన్ రద్దీలో అది ఆపకుండా మోగుతూనే ఉంటుంది. కొనగలిగినవాళ్ళు కొనుక్కోవచ్చు, అద్దం తరవాతే.

ఇంత చేసినా అసలు తిరగని మెడలు ఉంటాయి. ఆపరేషన్‌లో పూసలు అతికించినవాళ్ళు, ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే వేరే జబ్బుతో వెన్నంతా బిగిసినవాళ్ళు. వాళ్ళు కుడికి తిరగడానికి రోడ్డు మధ్యకి రానక్కర్లేదు. మద్దిలపాలెం లాంటి జంక్షన్లో పచ్చ లైటు మీద తిన్నగా అవతలికి పోయి, ఎడమ మూలన ఆగి, సైకిలు కుడికి తిప్పుకుని నిలబడి, ఆ దారి లైటు పడ్డాక కదలడమే. లైటు లేనిచోట దిగి నడిపించుకుంటూ దాటండి. వెనక్కి చూడాల్సిన పనే ఉండదు. ఒకటి రెండు నిమిషాలు పోతాయి. నేనూ మెడ బాగోని రోజున ఇలాగే దాటుతాను, వెనక ఎవరు హారన్ కొట్టినా.

ఆపాల్సినవాళ్ళ సంగతి చెబుతానన్నాను. చేతిలో తిమ్మిరి భుజం నుంచి దిగుతున్నా, వేళ్ళలో పట్టు తగ్గి జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టమైనా, నడకలో తూలుతున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా అది వట్టి బిగుతు కాదు. వెన్నుపాము మీద గానీ నరం మీద గానీ ఒత్తిడి పడుతుండొచ్చు. సైకిలు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పడిన తరవాత మొదలైన నొప్పయినా, జ్వరంతో మెడ బిగిసినా అంతే. తొక్కుతున్నప్పుడు చిటికెన వేలూ ఉంగరం వేలూ మాత్రమే మొద్దుబారితే అది చాలాసార్లు అరచెయ్యి హ్యాండిల్ మీద నొక్కుకోవడం వల్ల వస్తుంది, అది కూడా హ్యాండిల్ ఎత్తు మారితే తగ్గే అవకాశం ఉంది. తగ్గకపోతే చూపించుకోవాలి. మెడకి కాలర్ వేసుకుని మాత్రం సైకిలెక్కకండి. కాలర్ పనే మెడను తిరగనివ్వకపోవడం.

కొత్త సైకిలు కొనబోయేవాళ్ళు షాపులో రెండు పనులు చెయ్యండి. ఫోర్కు గొట్టం కోయొద్దని బిల్లు వేసేముందే చెప్పండి. స్పేసర్లన్నీ స్టెమ్ కిందే పెట్టించండి, తరవాత దించుకోవడం సులువు, పెంచుకోవడం కష్టం. రెండోది, వీధి చివరిదాకా ఒక చుట్టు తిరిగొచ్చి బాగుందనెయ్యకండి. గోడ పక్కన సైకిలు నిలబెట్టి, గోడని మోచేత్తో ఆనుకుని, హెల్మెట్టూ మీ కళ్ళద్దాలూ పెట్టుకుని, ఎదురుగా దూరంలో ఉన్న బోర్డు చదువుతూ పది నిమిషాలు కూర్చోండి. షాపు అబ్బాయి వింతగా చూసినా ఫరవాలేదు. ఆ పది నిమిషాల్లో మెడ వెనక బిగుతు మొదలైతే ఇంకో సైజు అడగండి, లేదా హ్యాండిల్ ఎత్తించి మళ్ళీ కూర్చోండి. డబ్బులు ఆ తరవాతే కట్టండి.